విల్లు మోత తగ్గాలంటే ముందు బాణాన్ని తూకం వేయించు

ప్రశ్న: నమస్తే అన్నా. మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. బత్తాయి తోట ఉంది. హైదరాబాద్‌లో ఉండే దోస్తు దగ్గర పోయిన ఏడాది ఒక పాత విల్లు కొన్నాను. కట్టె విల్లు, ఒకే ముక్క రికర్వ్ (కొనలు ముందుకు వంపు తిరిగిన రకం), 60 అంగుళాలు, లాగే బలం 45 పౌండ్లని మీద రాసి ఉంది. ఇలాంటి వాటిని వేట విల్లు అంటారట. సాయంత్రం పూట తోటలో గడ్డి మూటలు పెట్టి కొడుతుంటాను. గురి పర్వాలేదు. కానీ బాణం వదిలిన ప్రతిసారీ ఖంగుమని ఒకటే మోత. పక్క కొట్టంలో బర్రెలు ఉలిక్కిపడి పలుపులు గుంజుకుంటున్నాయి. నాన్న రోజూ తిడుతున్నాడు. ఆ మోతకు భయపడి వదిలే ముందే నాకు కళ్లు మూసుకుపోతున్నాయి. ఆన్‌లైన్‌లో రబ్బరు కుచ్చులు తెప్పించి నారికి కట్టాను, కొంచెం తగ్గింది గానీ పోలేదు. సలేశ్వరం జాతరకు పోయినప్పుడు ఒక చెంచు పెద్దాయన వెదురు విల్లుతో బాణం వేసి చూపించాడు, దానికి చప్పుడే లేదు. నా దానికే ఎందుకింత? ఫాస్ట్‌ఫ్లైట్ అనే సాగని రకం నారి వేస్తే తగ్గుతుందా? ఇంకొకటి, తోటలోకి అడవి పందులు వస్తున్నాయి. చప్పుడు లేకుండా చేస్తే వాటిని దీంతో కొట్టొచ్చా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: తమ్ముడూ, నీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. కొట్టొద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి పంది కూడా రక్షణ ఉన్న జంతువే. పంట పాడు చేస్తోందని రైతు తనంతట తాను దాన్ని చంపితే అది నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. బాణం తగలకపోయినా తప్పించుకున్నట్టు కాదు, చంపే ప్రయత్నం చేసినా చట్టం లెక్కలో అది వేటే. అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇస్తే, ఆ అనుమతి ఉన్నవాళ్లే ఆ పని చేయాలి. పైగా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మీకు దూరమేమీ కాదు. 2,611 చదరపు కిలోమీటర్ల ఆ అడవి నాగర్‌కర్నూల్ జిల్లాతో ఆగకుండా మీ నల్లగొండ జిల్లాలోకి కూడా వస్తుంది. అక్కడ ఇలాంటి వాటి మీద నిఘా ఎక్కువ.

చట్టం సంగతి అటుంచినా నేను వద్దనే అంటాను. చీకట్లో, ఏడాది అనుభవంతో, కదిలే పంది మీద బాణం వేస్తే అది అక్కడికక్కడ పడిపోదు. కడుపులోనో తొడలోనో బాణంతో పొదల్లోకి దూరి రోజుల తరబడి నరకం చూస్తుంది. లేదా తెల్లారి చెట్లకు నీళ్లు పెట్టడానికి వచ్చిన మీ నాన్న మీద పడుతుంది. గాయపడిన పంది ఎలాంటిదో మీ ఊళ్లో పెద్దవాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. పంట పోతే ఫొటోలు తీసి పెట్టుకుని అటవీ శాఖ ఆఫీసులో నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టు. విల్లు గడ్డి మూటల మీదికే ఉండనీ.

ఇక మోత సంగతి.

విల్లు లాగినప్పుడు నీ వీపు, భుజాలు పెట్టిన బలమంతా వంగిన లింబుల్లో నిలవ ఉంటుంది. లింబులంటే పిడికి పైనా కిందా వంగే ఆ రెండు భాగాలే. వేళ్లు వదలగానే అందులో ఎక్కువ భాగాన్ని బాణం పట్టుకుపోతుంది. అది పట్టుకుపోలేని బలం నారిలో, లింబుల్లో, నీ పిడికిట్లో మిగిలిపోతుంది. అదే వణుకు, ఆ వణుకే నీకు వినపడే మోత. వడ్ల బస్తాలు వేసుకుని పోయే ఎడ్లబండి కన్నా ఖాళీ బండి గతుకుల్లో ఎక్కువ గడగడలాడుతుంది కదా, ఇదీ అంతే. నారి మీద బరువు తక్కువైతే గోల ఎక్కువ.

అందుకే నారికి ఏదో ఒకటి కట్టి మోతను అణచడం నా లెక్కలో చివరి పని. చాలామంది దాంతోనే మొదలుపెడతారు, నువ్వూ అదే చేశావు. రబ్బరు కుచ్చులు మిగిలిన వణుకును కొంత మింగుతాయి, అంతవరకే. అసలు అంత వణుకు ఎందుకు మిగులుతోందో ముందు చూడాలి.

నీ ఉత్తరంలో విల్లు గురించి అన్నీ రాశావు, బాణం గురించి ఒక్క ముక్క రాయలేదు. నా అనుమానమంతా దాని మీదే. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే కార్బన్ బాణాలు చాలావరకు తేలికవి. దూరం పోవాలని, వేగంగా పోవాలని వాటిని అలా చేస్తారు. పాత కట్టె విల్లుకు అవి సరిపడవు. నీ బాణం ఒకటి, కొనకు ఉన్న ఇనప ముల్లుతో సహా, తీసుకుని తెలిసిన బంగారం దుకాణానికి పో. వాళ్ల కాటా మిల్లీగ్రాముల దాకా చూపిస్తుంది. బాణం పొడుగ్గా ఉంటుంది కాబట్టి పళ్లెం మీద ఆగదు. ఒక చిన్న స్టీలు గ్లాసు పెట్టించి, కాటాను సున్నా చేయమని అడిగి, బాణాన్ని ఆ గ్లాసులో నిలబెట్టు. ఎక్కడా ఆనకుండా నిలబడేలా చూసుకో. ఒక్కటే తూచి ఊరుకోకు, ఉన్నవన్నీ తూయించు. చవక బాణాల్లో ఒకదానికి ఒకదానికి బరువు తేడా ఉంటుంది, గురి తప్పడానికి అది కూడా ఒక కారణం.

విలుకాళ్లు బాణం బరువును గ్రెయిన్లలో చెప్పుకుంటారు. ఒక గ్రాముకు 15.43 గ్రెయిన్లు. నీలాంటి విల్లుకు ప్రతి పౌండుకు 8 గ్రెయిన్లకు తగ్గకుండా బాణం ఉండాలి. మోత తగ్గాలంటే 9 నుంచి 10 దాకా ఉంటే బాగుంటుంది. 45 పౌండ్లకు 9 చొప్పున వేస్తే 405 గ్రెయిన్లు, అంటే 26 గ్రాముల పైన. 10 చొప్పున వేస్తే 450, అంటే 29 గ్రాములు. కాటా మీద 20 గ్రాములే కనిపించిందనుకో, అది 309 గ్రెయిన్లు, పౌండుకు 7 కూడా పడలేదన్నమాట. అలాంటి బాణాలతో ఇంక కొట్టకు. బాణం తేలికయ్యేకొద్దీ అది బాణం లేకుండా ఖాళీ నారిని వదలడానికి దగ్గరవుతుంది. ఖాళీ నారి వదిలితే విల్లు పగిలిపోయే ప్రమాదం ఉందని నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

ఇంకో సంగతి. విల్లు మీద రాసిన 45 పౌండ్లు 28 అంగుళాలు లాగినప్పటి లెక్క. నువ్వు అంత లాగకపోవచ్చు. 26 అంగుళాలే లాగితే నీ వేళ్ల మీద పడేది 40 పౌండ్లకు అటూ ఇటూ. బాణం బరువు దాన్ని బట్టి చూసుకో. ఒక పొడుగు బాణం మీద అంగుళాల గుర్తులు పెట్టి, నువ్వు పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడు ఇంకొకరిని పక్క నుంచి చూడమంటే తెలిసిపోతుంది.

బాణం తేలికని తేలితే రెండు దారులున్నాయి. ముందు ముల్లు బరువు పెంచొచ్చు, 100 గ్రెయిన్ల ముల్లు తీసి 150, 175 గ్రెయిన్లది పెట్టుకోవచ్చు. అయితే ముందు బరువు పెరిగితే వదిలినప్పుడు బాణం కాడ ఎక్కువ వంగుతుంది. అది సరిపోయిందో లేదో చూడటానికి ఈకలు లేని బాణం ఒకటి, ఈకలున్న బాణాలు రెండు మూడు కలిపి పది, పన్నెండు గజాల నుంచి కొట్టి చూడు. కుడి చేత్తో లాగేవాళ్లకు ఈకలు లేనిది మిగతావాటికి కుడి పక్కన పడితే కాడ మరీ మెత్తన, ఎడమ పక్కన పడితే మరీ బిరుసు. పక్కపక్కనే పడితే సరిపోయింది. ఈ తంటా వద్దనుకుంటే నీ విల్లు పౌండ్లు, నువ్వు లాగే పొడవు చెప్పి కట్టె బాణాలు అరడజను తెప్పించుకో. కట్టె బాణాలు మామూలుగానే బరువుంటాయి. కాడ బిరుసు కుదరని బాణం విల్లు పక్కకు తగిలి టక్కుమంటుంది, చాలామంది దాన్ని కూడా నారి చప్పుడే అనుకుంటారు.

బాణం కుదిరాక చూడాల్సింది బ్రేస్ హైట్. నారి ఎక్కించి ఉన్న విల్లులో పిడి దగ్గర బాగా లోతుగా ఉన్న చోటు నుంచి నారికి ఎంత దూరం ఉందన్నదే బ్రేస్ హైట్. విల్లు చేసినవాళ్లు ఇంత ఉండాలని చెప్పి ఉంటే అదే పాటించు. పాత విల్లు కాబట్టి ఆ కాగితం దొరక్కపోవచ్చు. 60 అంగుళాల రికర్వ్‌కు సాధారణంగా ఏడుంపావు నుంచి 8 అంగుళాల మధ్య ఎక్కడో కుదురుతుంది. నీది అంతకన్నా తక్కువే ఉంటుందని నా ఊహ. డాక్రాన్ (ఒక రకం పాలిస్టర్) నారి వాడుతున్నకొద్దీ సాగుతుంది, సాగితే నారి విల్లుకు దగ్గరవుతుంది. దగ్గరైతే బాణం వదిలాక నారి లింబుల మీద గట్టిగా కొట్టుకుంటుంది, ముంజేతి మీద కూడా కొడుతుంది. ముంజేతి మీద కమిలిన గుర్తులుంటే అనుమానమే అక్కర్లేదు.

దీన్ని పెంచడం తేలిక. విల్లు దించి, నారి ఒక కొన ఉచ్చు తీసి, ఇప్పటికే ఎటు మెలిక ఉందో అటే నాలుగైదు మెలికలు తిప్పి మళ్లీ ఎక్కించు. మెలిక పడినకొద్దీ నారి పొట్టిదవుతుంది, బ్రేస్ హైట్ పెరుగుతుంది. ఎదురు తిప్పితే నారి మధ్యలో చుట్టిన దారం వదులైపోతుంది, అది మాత్రం చేయకు. ఎక్కించాక కొలిచి ఒక పుస్తకంలో రాసుకో. అయిదారు బాణాలు కొట్టి విను. మళ్లీ నాలుగు మెలికలు, మళ్లీ కొలత, మళ్లీ అయిదారు బాణాలు. ఇలా పోతుంటే ఒక చోట ఖంగుమనే మోత పోయి ధప్ అనే చిన్న చప్పుడు మిగులుతుంది. అది దాటి ఇంకా పెంచితే మోత మళ్లీ మొదలవుతుంది, బాణం వేగం కూడా తగ్గుతుంది. ఆ మంచి చోటికి వెనక్కి వచ్చి ఆగిపో. ఒక్కో విల్లుకు అది ఒక్కో చోట ఉంటుంది, పావు అంగుళం తేడాలోనే విల్లు మారిపోతుంది. ఓపికగా చేయాల్సిన పని ఇది. ఒక సాయంత్రం మొత్తం దీనికే ఇవ్వు, ఆ రోజు గురి గురించి పట్టించుకోకు.

నారి విప్పి చేతిలో వదులుగా పట్టుకున్నప్పుడు తనంతట తానే ముడులుగా చుట్టుకుంటోందంటే మెలికలు మరీ ఎక్కువైనట్టు. అప్పుడు ఇంకా తిప్పకుండా కొంచెం పొట్టి నారి తెప్పించుకోవాలి.

చప్పుడు తగ్గిందో లేదో విల్లు పట్టుకున్నవాడికి సరిగా తెలియదు. చెవి పక్కనే నారి ఉంటుంది కాబట్టి ప్రతిదీ పెద్దగానే వినిపిస్తుంది. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, గడ్డి మూటకు నాలుగైదు గజాల పక్కన, బాణం తగలకుండా మట్టి గట్టు చాటున పెట్టు. ప్రతి మార్పుకు ముందు ఏ మార్పు చేశావో నోటితో చెప్పి, తర్వాత బాణాలు కొట్టు. రాత్రి ఇంట్లో కూర్చుని వింటే ఏది పనిచేసిందో స్పష్టంగా తెలిసిపోతుంది. వినడానికి మనిషిని పెట్టుకుంటే నీ వెనకే నిలబడాలి, ముందుకు ఎవరూ రాకూడదు. గడ్డి మూట వెనక బత్తాయి సాళ్లలో పని చేసేవాళ్లు లేరని ప్రతిసారీ చూసుకో.

నాక్ సంగతి కూడా ఒకసారి చూడు. నాక్ అంటే బాణం తోకలో నారికి పట్టే చీలిక. బాణాన్ని నారికి తగిలించి నిలువునా కిందికి వేలాడదియ్యి. దానంతట అది పడకూడదు, నారిని వేలితో మెల్లగా తడితే పడిపోవాలి. తట్టినా పడకపోతే బిగువు ఎక్కువ, బాణం వదిలేటప్పుడు టిక్కుమంటుంది. తట్టకుండానే జారిపోతే అది ఇంకా ప్రమాదం, ఎప్పుడో ఒకప్పుడు బాణం జారి ఖాళీ నారి వదిలినట్టవుతుంది. విల్లుకు అంబులపొది తగిలించి ఉంటే తీసేసి కొట్టి చూడు, సగం గలగల అక్కడిదే కావచ్చు. బాణం ఆనే మెట్టు మీద అతికించిన తోలు అరిగిపోయి ఉంటే కొత్తది అతికించు.

నీది రికర్వ్ కాబట్టి నారి చేసే చప్పుడు ఇంకొకటి ఉంటుంది. రికర్వ్ విల్లు కొనలు ముందుకు వంపు తిరిగి ఉంటాయి, నారి ఆ వంపు మీద రెండు మూడు అంగుళాల మేర ఆనుకుని ఉంటుంది. లాగినప్పుడు అది అక్కడి నుంచి లేస్తుంది, వదిలినప్పుడు వచ్చి చెక్క మీద ఫట్‌మని కొడుతుంది. చేతివేలి వెడల్పుకన్నా సన్నగా వెల్‌క్రో మెత్తటి పక్క ముక్కలు రెండు కోసి, నారి ఆనే చోట రెండు కొనల్లోనూ ఒకే పొడవున అతికించు. మెత్తటి పక్కే అతికించాలి, గరుకు పక్క నారిని కొరికేస్తుంది. అతికించే ముందు చెక్క మీది నూనె, దుమ్ము పొడి గుడ్డతో తుడువు. అరచేయి అంత ముక్కలు అంటించకు, బరువు పెరిగితే లింబు నెమ్మదిస్తుంది. నీ ఖంగుమనే మోతలో మంచి భాగం ఈ రెండు ముక్కలతోనే పోతుందని అనుకుంటున్నాను.

ఇంత చేశాక మిగిలిన సన్న జుమ్మనే శబ్దానికి నారికి ఊలు కట్టాలి. రబ్బరు కుచ్చులు మన దగ్గర ఎక్కువ కాలం ఉండవు. నల్లగొండ ఎండల్లో రబ్బరు పెళుసుబారి విరుగుతుంది, పైగా బరువు ఎక్కువ. వేరే దేశాల్లో వేటగాళ్లు నీటికుక్క బొచ్చు కడతారు. మన దగ్గర నీటికుక్కకు చట్టం రక్షణ ఉంది, దాని జోలికి పోవద్దు, ఎవరన్నా అమ్మజూపినా కొనొద్దు. నా ఓటు మన గొంగడి ఊలుకే. మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో కురుమలు దక్కనీ గొర్రెల నుంచి తీసి వడికే ఆ నల్ల ఊలు ముతకగా, స్ప్రింగులా ఎగదన్నేలా ఉంటుంది. దుకాణంలో దొరికే మెత్తటి స్వెట్టర్ ఊలు నాలుగు రోజుల్లో అణిగిపోయి చిక్కుపడుతుంది, ఇది అలా అణగదు. ఒక మాట గుర్తుపెట్టుకో, పాత గొంగడి నుంచి పోగులు పీకొద్దు. నేసేటప్పుడు పోగులకు చింతగింజల గంజి పెడతారు, గంజి పెట్టిన పోగు బిర్రుగా ఉంటుంది. గంజి పెట్టకముందు వడికిన ఉండ నుంచి నాలుగు బారల పోగు అడిగి తెచ్చుకో. ఇప్పుడు గొంగళ్లు నేసే ఇళ్లు తగ్గిపోయాయి, మీ పక్క ఊళ్లో ఇంకా మగ్గం ఆడుతుంటే ఆ పోగుకు డబ్బులిచ్చే తెచ్చుకో.

పోగును రెండున్నర అంగుళాల ముక్కలుగా కోసి, ఇరవై దాకా ఒక కట్టగా పెట్టు. నారి ఎక్కించి ఉండగానే నారి పోగుల్ని బొటనవేళ్లతో మెల్లగా రెండుగా విడదీసి, మధ్యలో కట్టను అడ్డంగా దూర్చు. మధ్యకు వచ్చాక పోగుల్ని వదిలేస్తే అవే బిగిసి పట్టుకుంటాయి. జారకుండా కట్టకు రెండు పక్కలా నారి చుట్టూ సన్న దారంతో ముడి వెయ్యి. తర్వాత కత్తెరతో కత్తిరించి, దాన్ని అంగుళం మందం ఉండే గుండ్రటి బంతిలా చెయ్యి. అంతకన్నా పెద్దది అక్కర్లేదు.

ఎక్కడ కట్టాలన్నది ముఖ్యం. చాలామంది రెండు పక్కలా సమాన దూరంలో కడతారు. నారి ఒకేలా వణకదు, మొత్తంగా ఊగుతుంది, సగం సగంగా ఊగుతుంది, మూడు భాగాలుగా, నాలుగు భాగాలుగా కూడా ఊగుతుంది, ఇవన్నీ ఒకేసారి జరుగుతుంటాయి. మూడు భాగాలుగా ఊగేటప్పుడు మూడో వంతు దగ్గర నారి కదలదు, నాలుగు భాగాలుగా ఊగేటప్పుడు పావు వంతు దగ్గర కదలదు. కదలని చోట కట్టిన ఊలు ఆ వణుకును పట్టలేదు. అందుకని ఒక బంతిని పై కొన నుంచి పావు వంతు దూరంలో, ఇంకొక దాన్ని కింది కొన నుంచి మూడో వంతు దూరంలో కడితే ఒకటి వదిలేసింది ఇంకొకటి పడుతుంది. నీ నారి 56 అంగుళాలు అనుకుంటే పైన 14 అంగుళాల దగ్గర, కింద పద్దెనిమిదిన్నర దాటాక. అక్కడి నుంచి అర అంగుళం అటూ ఇటూ జరిపి ఫోన్‌లో విను. నారి మధ్యకు జరిపినకొద్దీ బాణం వేగం తగ్గుతుంది, కాబట్టి మరీ మధ్యకు తేవొద్దు.

వానాకాలంలో ఊలు తడుస్తుంది. తడిస్తే బరువెక్కి బాణం కిందికి పడుతుంది, మొదటి బాణానికే మొహం మీద నీళ్లు చిమ్ముతుంది. వాన రోజు బంతుల్ని పిండి, ఆరబెట్టి వాడుకో. నారికి మాత్రం అప్పుడప్పుడు తేనెమైనం రుద్దు. వేళ్లతో వేడి పుట్టేలా రుద్దితే మైనం పోగుల్లోకి పోతుంది, పోగులు విడిపోకుండా ఒక్కటిగా ఉంటాయి, నారి జుమ్మనడం తగ్గుతుంది. నల్లమల తేనె తీసేవాళ్ల దగ్గర మంచి మైనం దొరుకుతుంది.

ఆ చెంచు పెద్దాయన విల్లు సంగతి. అది నిటారు వెదురు విల్లు. నారి ఎక్కించాక కొనల దగ్గర తప్ప ఎక్కడా కట్టెకు ఆనదు, కాబట్టి నీ రికర్వ్‌లా నారి చెక్కను కొట్టే చప్పుడు దానికి పుట్టదు. నార పేనిన తాడు వాడితే, ఆ నార పోగులు ఒకదానికొకటి రాసుకుంటూ వణుకును తామే మింగేస్తాయి. నైలాన్, డాక్రాన్ పోగులు నున్నగా ఉంటాయి, అంత మింగవు. విల్లు బలానికి తగ్గ బరువైన బాణం ఉంటే ఇంక మిగిలేదే తక్కువ. తరతరాలుగా అడవిలో బతికిన చేతులు ఆ మూడూ కుదుర్చుకున్నాయి. మన కథల్లో ధనుష్టంకారం వింటే శత్రువుల గుండెలు జారిపోవాలి. వేటాడి బతికేవాడికి కావాల్సింది దానికి పూర్తిగా విరుద్ధం.

ఎందుకో లెక్క చూడు. నీలాంటి విల్లు నుంచి బాణం సెకనుకు 170 అడుగుల దాకా పోతుంది. శబ్దం సెకనుకు 1,130 అడుగులు పోతుంది. 20 గజాలంటే 60 అడుగులు. శబ్దం ఆ దూరాన్ని సెకనులో ఇరవయ్యో వంతులో దాటుతుంది, బాణానికి సెకనులో మూడో వంతు దాటి పడుతుంది. వేట చట్టబద్ధమైన దేశాల్లో వేటగాళ్లు చెప్పేది ఇదే: నారి మోత ముందు చేరుతుంది, ఉలిక్కిపడిన జింక దూకడానికి ముందు ఒళ్లు కిందికి దించుతుంది, బాణం దాని వీపు మీదుగా పోతుంది, లేదా చావని చోట తగులుతుంది. ఈ తేడాను ఏ విల్లూ పూడ్చలేదు. వాళ్లు చేయగలిగింది మోతలోని పదును తీసేయడమే. ఖంగుమనే సన్నటి గట్టి శబ్దం ఎటునుంచి వచ్చిందో జంతువుకు వెంటనే తెలుస్తుంది, ధప్ అనే మొద్దు చప్పుడుకు అంత బెదరదు. మీ బర్రెల విషయంలోనూ ఇదే ధర్మం. నువ్వు పూర్తి నిశ్శబ్దం కోసం వెతక్కు, పదును పోతే చాలు.

కళ్లు మూసుకుపోవడం వేరే జబ్బు. విల్లు నెమ్మదించినా అది తనంతట తాను పోదు. చెవి మోతకు అలవాటు పడి, మోత రాకముందే ఒళ్లు దాన్ని కాచుకుని కూర్చుంటుంది. మూటకు నాలుగడుగుల దూరంలో నిలబడి, గురి గుర్తు ఏమీ లేకుండా, కొన్నాళ్లు ఊరికే బాణాలు వెయ్యి. ఎక్కడ తగిలిందో చూడొద్దు, వేళ్లు ఎలా వదులుతున్నాయో, భుజం ఎలా ఉందో మాత్రం గమనించు. రోజుకు ఇరవై బాణాలు చాలు. మెల్లగా దూరం పెంచు.

ఫాస్ట్‌ఫ్లైట్ నారి అడిగావు. వద్దు. అది డాక్రాన్‌లా సాగదు. సాగని నారి బాణానికి ఎక్కువ వేగం ఇస్తుంది, కానీ ఆగేటప్పుడు ఝటకా అంతా లింబు కొనల మీద పడుతుంది. కొనల్ని గట్టి పదార్థంతో బలపరిచి, ఫాస్ట్‌ఫ్లైట్‌కు సరిపోతుందని చేసినవాళ్లే చెప్పిన విల్లుకే అది వేయాలి. నీ విల్లు పాతది, అలాంటి హామీ నీ దగ్గర లేదు. సాగని నారికి మోత కూడా సాధారణంగా ఎక్కువే.

కొత్త నారి వేసే ముందు ఒక పని చెయ్యి. దూది ముక్క తీసుకుని లింబుల అంచుల వెంట, కొనల దగ్గర నారి పట్టే గాట్ల చుట్టూ రాయి. దూది పోగు ఎక్కడన్నా పట్టుకుంటే అక్కడ చీలిక మొదలైందేమో వెలుతురులో బాగా చూడు. చీలిక ఉంటే ఆ విల్లును గోడకు తగిలించు, మళ్లీ లాగకు. విల్లు ఎక్కించడానికి, రెండు కొనలకూ తగిలించి విల్లును వంచే స్ట్రింగర్ తాడే వాడు, కాలి మధ్య పెట్టి వంచితే లింబు మెలితిరుగుతుంది. వేసవిలో దాన్ని కారులోనో, రేకుల కొట్టంలోనో వదిలేయకు. చెక్కలు అతికించిన జిగురు ఆ వేడికి వదిలిపోతుంది.

అంతా బాగుంటే 60 అంగుళాల రికర్వ్‌కు అని చెప్పి 56 అంగుళాల డాక్రాన్ నారి, 12 నుంచి 14 పోగులది తెప్పించుకో. 14 పోగులది కొంచెం నెమ్మది, చప్పుడు కొంచెం తక్కువ, నీకు అదే నయం. నారి లావైతే నాక్ బిగువు కావచ్చు, ఆ వేలితో తట్టే పరీక్ష మళ్లీ చెయ్యి. కొత్త నారి మొదటి వంద బాణాల దాకా సాగుతూనే ఉంటుంది, కాబట్టి బ్రేస్ హైట్ ఆ రోజుల్లో కొట్టే ముందు ప్రతిసారీ కొలువు, సాగడం ఆగాకే ఊలు బంతులు కట్టు.